పోతురాజు తప్పులు

పండుగప్ప చేప మెడను కత్తిపీటకు ఆనించి పోతురాజు బలంగా నొక్కాడు. ముల్లు పటుక్కున తెగి తల ఒకవైపు, మొండెం ఒకవైపు పడ్డాయి. నరసాపురం చేపల మార్కెట్లో అతని కత్తిపీట ముందు జనం కాస్త ఎడంగానే నిలబడతారు. నెత్తురు చిందుతుందని కొంత, అతని చెయ్యి ఊరుకోదని కొంత.

ఆ చెయ్యి ఊరికే అలా తయారవలేదు. చిన్నప్పుడు బడిలో అక్షరాలు కళ్లముందు చేపపిల్లల్లా కదిలిపోతుంటే మాస్టారు కణుపుల మీద కొట్టేవాడు. ఎడమ చిటికెన వేలు ఇప్పటికీ వంకరే. ఇంటికొస్తే నాన్న తెడ్డు తీసేవాడు. వీడికి బుర్ర లేదని అందరూ తేల్చేశాక బడి మానేసి కత్తిపీట ముందు కూర్చున్నాడు. ఆ తర్వాత తనను మొద్దు అన్న ప్రతివాణ్ణీ కొట్టాడు. పాపం, అతనికి వచ్చిన జవాబు అదొక్కటే.

అది మొద్దుతనం కాదు, డిస్లెక్సియా అని మొన్నమొన్న చెప్పింది సెలవులకు ఇంటికొచ్చిన అన్నకూతురు అశ్విని. అలాంటివాళ్లు చదువుకోవడానికి ఫోన్లో యాప్ తయారుచేస్తోంది. వాక్యంలో ఒక్కో మాటా పసుపురంగులో వెలుగుతుంది. పైకి చదివితేనే ఆ పసుపు పక్కమాటకు జరుగుతుంది. ఎక్కడ తడబడతారో యాప్‌కి తెలియాలంటే తడబడేవాళ్లు చదవాలి. అందుకే బాబాయిని కూర్చోబెట్టింది. ఆయనేమో పెళ్లాం చేత పాఠమంతా చదివించుకుని, బట్టీపట్టి, నిన్న గడగడా అప్పజెప్పేశాడు. అశ్వినికి కోపమొచ్చింది.

“నాకు నీ తప్పులే కావాలి బాబాయ్. రేపు కొత్త పాఠం పెడతాను. ఎలా వస్తే అలా చదువు. ఎవరూ కొట్టరు.”

తన తప్పులు కావాలన్న మనిషి అతనికి పుట్టి బుద్ధెరిగాక ఈమె ఒక్కతే. పొద్దుటి నుంచీ ఆ మాటే తలుచుకుంటూ చేపలు కోశాడు.

బేరాలు సద్దుమణిగాక, ఐసు కొట్టే అచ్చిబాబు వచ్చి నవ్వాడు. “ఈ వయసులో నీకు అఆలేంటి, మొద్దూ?”

పోతురాజు లేచి చెంప పగలగొట్టాడు. అచ్చిబాబు బురదలో పడి, లేస్తూనే ఐసు కొట్టే చెక్కసుత్తితో అతని చెవి పైన ఒక్కటిచ్చాడు. నెత్తురు రాలేదు. నలుగురూ వచ్చి విడదీశారు. పోతురాజు తిరిగి కొట్టలేదు. అలా వదిలెయ్యడం అతని జీవితంలో అదే మొదలు. ఆలస్యమైతే అమ్మాయి వెళ్లిపోతుందని అతని భయం. తువ్వాలు తడిపి తలకు చుట్టుకుని అన్నగారింటికి నడిచాడు.

ఎండకి చుట్టుకున్నాడనుకుంది అశ్విని. ఫోను అతని చేతికిచ్చి, ఫోన్లోంచి అతని గొంతు వినడానికి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, లాప్‌టాప్ వైపు తిరిగి కూర్చుంది.

పోతురాజు చదివాడు. తువ్వాలు కింద చెవి పైన పోటు పెరుగుతోంది. నాలుక మందంగా కదిలింది. మాటలు ఒకదాన్నొకటి తొక్కుకుంటూ వచ్చాయి.

“ఇలాగే బాబాయ్. చాలా బాగుంది.”

చదువు విషయంలో ఎవరూ అతనితో ఆ మాట అనలేదు. అతనికి ఏడుపొచ్చింది.

“ఇంకా ఉన్నాయమ్మా తప్పులు,” అన్నాడు మెల్లగా. “అన్నీ నీకే.”

కాసేపటికి గొంతు ఆగింది. చదివేవాళ్లు తడబడితే మాట అందించకూడదన్నది అశ్విని పెట్టుకున్న నియమం. అందించకుండా ఎదురుచూసింది. తొందరేం లేదని చెప్పి, ఇంకా ఎదురుచూసింది. ఎంతకీ వినిపించకపోతే అప్పుడు వెనక్కి తిరిగింది. అతను గోడకు ఒరిగి, కళ్లు తెరుచుకునే ఉన్నాడు. ఊపిరి లేదు.

ఒళ్లో ఫోను వెలుగుతోంది. దానికి ఎండిన చేప పొలుసొకటి అంటుకుని ఉంది. ‘పంటు పడవ గోదావరి దాటి ఒడ్డుకు చేరింది’ అన్న వాక్యంలో పసుపురంగు ‘ఒడ్డుకు’ మీదే నిలిచి ఉంది, చదివితే జరుగుదామని.