బయట నిలబెట్టిన మాట

లూయిజా దగ్గరికి జర్మన్ నేర్చుకోవడానికి వచ్చేవాళ్ళంతా పెళ్ళయినవాళ్ళు, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు, పొయ్యి మీద ఏదో పడేసి వచ్చినవాళ్ళు. భర్తో, భార్యో జర్మనీలో ఉంటారు. ఆ దేశపు భాషలో చిన్న పరీక్ష ఒకటి నెగ్గితే తప్ప వీళ్ళకు వీసా రాదు. అందుకని మొరాకోలోని మా నాదోర్ ఊరి చేపల బజారు వెనక సందులో, కుట్టుమిషన్ల దుకాణం పై గదిలో, సాయంత్రం నమాజయ్యాక ఈ పెద్దమనుషులంతా చేరి, కుర్చీని ఏమంటారో, నీళ్ళని ఏమంటారో మళ్ళీ పసిపిల్లల్లా మొదలుపెడతారు.

పెద్దవాళ్ళకు భాష నేర్పడం ఎంత ప్రాణం తీసే పనో నేర్పినవాళ్ళకే తెలుస్తుంది. పిల్లాడు తప్పు మాట్లాడితే నవ్వేసి ఇంకో తప్పు మాట్లాడతాడు. పెద్దవాడైతే పరువు పోయినట్టు ముఖం ముడుచుకుని మళ్ళీ నోరు విప్పడు. నిన్న చెప్పింది ఇవాళ గుర్తుండదు. ఉండడానికి బుర్రలో చోటేదీ? ఇంటి గోల, అత్తగారి మందులు, ఫోను ఎత్తని మొగుడు, అన్నీ అందులోనే కూర్చుని ఉంటాయి.

టాక్సీ నడిపే హమ్మూనే తీసుకోండి. పెళ్ళాం అక్కడ, ఆయన ఇక్కడ. ఎన్నిసార్లు పరీక్ష తప్పాడో ఆయనకే లెక్క లేదు. "టీచరమ్మా, నా నాలుక ఈ ఊరి గుంతల్లో తిరిగి తిరిగి అరిగిపోయింది. కొత్త స్పేర్ పార్టు దొరికితే చూడు" అంటాడు.

"నీ నాలుకకేం, బంగారంలా ఉంది హమ్మూ అన్నా. బుర్రే ఎప్పుడూ గ్యారేజీలో ఉంటుంది" అంటుంది లూయిజా. గదంతా నవ్వుతుంది. ఆ నవ్వు కోసమైనా వాళ్ళు మర్నాడు వస్తారని ఆవిడకు తెలుసు.

వార్దా మాత్రం నవ్వేది కాదు. భర్త నజీమ్ డార్ట్‌మండ్‌లో ఉన్నాడు. నాలుగేళ్ళ కూతురు తిజీరీని అతను ఫోనులో చూడడమే తప్ప ఎత్తుకుని ఎరగడు. వార్దా రెండుసార్లు పరీక్ష తప్పింది. ఈసారి కూడా పోతే ఇక వద్దులే, నువ్వూ పిల్లా అక్కడే ఉండండి అన్నాడట. ఆ మాటలోని అర్థం వార్దాకు తెలుసు, లూయిజాకూ తెలుసు. అలా అన్నవాళ్ళు అక్కడ ఇంకో సంసారం పెట్టుకోవడం మా వీధివీధికీ తెలిసిన సంగతే.

వార్దాకు మాటలు రాక కాదు. నీ పేరేమిటి అని జర్మన్‌లో అడిగితే ఆ ప్రశ్నను మా ఇళ్ళలో మాట్లాడుకునే రిఫ్ మాటలోకి మోసుకెళ్ళేది. అక్కడ జవాబు వండుకుని మళ్ళీ జర్మన్‌లోకి మోసుకొచ్చేది. ఈలోగా పరీక్ష పెట్టేవాడు ఇంకో ప్రశ్నకు వెళ్ళిపోయేవాడు. ఒక సాయంత్రం లూయిజాకు ఓపిక నశించింది.

"మన మాట నీ నోటికి అడ్డంగా కూర్చుంది వార్దా. అది పైకొచ్చినప్పుడల్లా పొమ్మను. తలుపు తీసి బయట నిలబెట్టు" అంది.

ఆ మాట ఆవిడ ఎందరికో చెప్పింది. ఎవరూ చెవిన పెట్టలేదు. టీచరు చెప్పింది చెప్పినట్టు చేసే పెద్దమనిషి ఎక్కడుంటాడు? కానీ వార్దా చేసింది.

రంజాన్ వెళ్ళేసరికి వార్దా జర్మన్ గలగలా మాట్లాడుతోంది. లూయిజాకు కాళ్ళు నేల మీద నిలవలేదు. దుకాణంవాళ్ళకీ, పక్కింటివాళ్ళకీ నా శిష్యురాలంటే అదీ అని చెప్పుకుంది. ఒకరోజు గదిలో టీ పోసుకుంటూ హమ్మూ, "ఆ పంచదార ఇటు అందుకో చెల్లెమ్మా" అన్నాడు మా మాటలో. వార్దా అతని వైపు చూసింది. తర్వాత లూయిజా వైపు తిరిగి జర్మన్‌లో అడిగింది.

"అతను ఏమి అంటున్నాడు, టీచర్ గారూ?"

"చూశావా, అప్పుడే దొరసాని అయిపోయింది. పంచదార కూడా పాస్‌పోర్టు చూపిస్తే గానీ ఇవ్వదు" అన్నాడు హమ్మూ. అందరూ పడీ పడీ నవ్వారు. లూయిజా కూడా నవ్వింది. వార్దా ముఖంలో మాత్రం వేళాకోళం లేదు. దారి తప్పినవాళ్ళ ముఖం అది.

అందరూ వెళ్ళాక లూయిజా ఆమెను ఆపింది. వార్దా జర్మన్‌లోనే, పుస్తకంలో ఉన్నట్టు చక్కగా చెప్పింది. "మీరు చెప్పినట్టే పొమ్మంటున్నాను. మొదట ఒక్కొక్క మాట వెళ్ళేది. ఇప్పుడు పొమ్మనకుండానే గుంపులుగా వెళ్ళిపోతున్నాయి. నిన్న మా పాప ఏదో అడిగి ఏడ్చింది. దానికి ఏమి కావాలో నాకు తెలియలేదు."

లూయిజా ఆ క్షణమే ఆపేయాల్సింది. కానీ పరీక్ష దగ్గరికొచ్చేసింది. "అలసట అంతే. పరీక్ష అవనీ, అన్నీ తిరిగొస్తాయి" అంది. ఆ మాటకు తర్వాత తనను తాను తిట్టుకోని రోజు లేదు.

వార్దా నెగ్గింది. తల్లికీ కూతురికీ వీసాలు వచ్చాయి. బయలుదేరాల్సిన రోజు పొద్దున్నే వార్దా అత్తగారు మిమూంత్ లూయిజా తలుపు బాదింది. ఆవిడ ఊరికే ఒకరి గడప తొక్కే మనిషి కాదు.

"టీచరమ్మా, నా ఇంట్లో కోడళ్ళు ఇద్దరయ్యారు. ఒకతె నోరు మూసుకుని పెట్టె సర్దుతోంది. ఇంకొకతె వంటింట్లో కూర్చుని రోజంతా మాట్లాడుతోంది."

"వంటింట్లో ఎవరు పిన్నీ?"

"ఎవరేమిటి, వార్దానే. గొంతు ఒక్కటే. మనిషి లేదు."

"చక్కెర జబ్బు మందు వేసుకున్నావా ఇవాళ?"

"మందూ వేసుకున్నా, మంత్రమూ వేయించా. మసీదులో ఖురాన్ చదివే ఫఖీహ్‌ని పిలిపిస్తే ఆయన వంటింటి గడపలో నిలబడ్డాడు. అది సలాం చెప్పి, టీ తాగుతారా అయ్యగారూ అని అడిగింది. చెప్పులు వదిలేసి పోయాడు మహానుభావుడు. ఇప్పటికీ వాకిట్లోనే ఉన్నాయి." ఆవిడ గొంతు తగ్గింది. "నాకదంటే భయం లేదు. మంచిగానే మాట్లాడుతుంది. పిల్లే దాన్ని వదిలి రానంటోంది. నువ్వు పెట్టిన చిచ్చే కదా, నువ్వే వచ్చి చూడు."

సందు మొదట్లో హమ్మూ టాక్సీ ఆగి ఉంది. పెట్టెలు పైన కట్టేశాడు. లూయిజాను చూసి ఇంటి వైపు చేత్తో చూపించాడు. ఇంట్లోకి వెళ్ళకుండా కారు పక్కనే నిలబడ్డాడు.

వంటింట్లో ఎండ పడుతోంది. ఉల్లిపాయ, కొత్తిమీర వాసన. రొట్టెల పొయ్యి ముందు గొర్రెతోలు మీద తిజీరీ బొమ్మతో ఆడుకుంటోంది. ఇంకెవరూ లేరు.

"కాలు వెనక్కి పెట్టుకో బంగారం, పొయ్యి వేడిగా ఉంది" అంది వార్దా గొంతు.

లూయిజా చటుక్కున వెనక్కి చూసింది. వార్దా వెనకాలే ఉంది, పెదవులు కదలలేదు. మొదటిరోజు క్లాసుకు వచ్చి సిగ్గుతో తడబడి నవ్విన వార్దా గొంతు అది. ఆ గొంతు విని చాలా రోజులైందని లూయిజాకు అప్పుడే తెలిసింది.

ఆవిడ వార్దా చెయ్యి పట్టుకుంది. "పిలువు దాన్ని. పరీక్ష అయిపోయింది, ఇక అడ్డేం లేదు. వెనక్కి పిలువు" అంది జర్మన్‌లో.

"నాకు జర్మన్ ఒక్కటే వచ్చు. దానికి జర్మన్ రాదు" అంది వార్దా. "ఎలా పిలవాలి?"

లూయిజా గడపలో నిలబడి ఖాళీ వంటింటితో మాట్లాడింది. వార్దా రమ్మంటోందని మా మాటలో చెప్పింది.

"ఆవిడ పొమ్మంటే పోయాను టీచరమ్మా" అంది గొంతు, కోపం ఏమీ లేకుండా. "ఎక్కడికి పోతాను? పిల్ల ఏడుస్తుంటే పిల్ల దగ్గరికి పోయాను. వస్తాను, ఎందుకు రాను? కానీ నువ్వు రమ్మంటే కాదు. ఆవిడ తన నోటితో ఈ పిల్లను, దానికి అర్థమయ్యేటట్టు పిలవాలి. పిల్ల వెళితే వెనకాలే నేనూ వస్తాను."

లూయిజా అది వార్దాకు అనువాదం చేసి చెప్పింది. వార్దా గబగబా తల ఊపి, క్లాసులో లాగా తిన్నగా నిలబడి, చేతులు కట్టుకుంది. "చెప్పండి. నేను మీ తర్వాత అంటాను."

అలా లూయిజా ఆ గడపలో పాఠం మొదలుపెట్టింది. రా తల్లీ, అమ్మ దగ్గరికి రా. అంతే పాఠం. వార్దా పుట్టినప్పటినుంచీ విన్న మాటలు. హమ్మూకు జర్మన్ విడగొట్టి చెప్పినట్టు ముక్కలు ముక్కలు చేసి చెప్పింది. వార్దా నోట్లో అవి రాళ్ళలా దొర్లాయి. ఎక్కడ ఊపిరి తీసుకోవాలో తెలియలేదు. మొదటి ముక్క పట్టుకునేసరికి రెండోది జారిపోయింది. ఆమె నుదుటి మీద చెమట పట్టింది.

తిజీరీ బొమ్మను పక్కన పెట్టి, నోరు చేత్తో మూసుకుని కిసుక్కున నవ్వింది. "అలా కాదండీ" అంది, ఇంటికొచ్చిన పరాయివాళ్ళతో మాట్లాడే మర్యాదతో.

ఆ "అండీ" విని మిమూంత్ గోడ వైపు తిరిగి కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

వార్దా మోకాళ్ళ మీద కూర్చుని చేతులు చాచింది. మళ్ళీ అంది. ఇంకా గట్టిగా, ఇంకా వంకరగా. పాప నవ్వడం మానేసి కొంచెం జంకింది. "ఈవిడకి మన మాట రాదు" అంది లూయిజాతో. "ఎందుకు అరుస్తోంది?"

అప్పుడు లోపలినుంచి గొంతు, తడబడే శిష్యురాలికి ఇలా అనాలమ్మా అని చూపించినట్టు, మెల్లగా, ఒక్క తప్పూ లేకుండా, "రా తల్లీ, అమ్మ దగ్గరికి రా" అంది.

తిజీరీ లేచి గిరుక్కున తిరిగి పొయ్యి అవతలికి పరుగెత్తింది. ఎండ పడని మూలకు వెళ్ళి ఎవరి ఒళ్ళోనో కూర్చున్నట్టు హాయిగా ఒదిగిపోయింది.

సందులో హమ్మూ హారన్ కొట్టాడు. విమానానికి వేళయింది. వార్దా లేవలేదు. చాచిన చేతులు దించి ఒళ్ళో పెట్టుకుని గడప మీద బాసిపట్టు వేసుకుని కూర్చుంది. కళ్ళనిండా నీళ్ళు, అయినా చూపు లూయిజా నోటి మీదే ఉంది.

"మళ్ళీ మొదటినుంచి చెప్పండి, టీచర్ గారూ" అంది జర్మన్‌లో. "ఈసారి నెమ్మదిగా."