ఆ దెబ్బ నాది

బొంతకోటు ఉతకడం ఒక్క మనిషి వల్ల అయ్యే పని కాదు. పదిహేను పొరల నారబట్ట, మధ్యలో గొర్రె ఉన్ని, అంతా నా చేత్తో కుట్టిందే. ఇనుప కవచం కింద అది లేకపోతే కత్తిదెబ్బకి ఆస్గర్ ఎముక విరుగుతుంది. అది ఉన్నందుకు నా నడుం విరుగుతుంది. వేసవి అంతా రెండు వారాలకోసారి, నాకు సెలవైన సోమవారం పొద్దున, స్నానాల తొట్టిలో వెనిగర్ నీళ్ళు పోసి, అందులో దిగి, వాడి చెమట వదిలేదాకా తొక్కుతాను. ఆ సోమవారం మాత్రం కోటు నీళ్ళలోంచి పైకి రాలేదు. నా ఎడమ చెయ్యి భుజం దాకా లేవడం లేదు.

ఆస్గర్ నా మొగుడు. డెన్మార్క్‌లో మా రీబె ఊళ్ళో పిల్లలకి వడ్రంగం నేర్పుతాడు, సెలవు రోజుల్లో పదమూడో శతాబ్దపు యోధుడు. వాళ్ళ గుంపు పేరు నల్లకాకుల దండు. వేసవిలో నాలుగైదుసార్లు ఏదో ఒక మైదానంలో గుడారాలు వేసి కత్తులతో కొట్టుకుంటారు. మిగతా ఏడాదంతా ఆన్‌లైన్ గ్రూపులోనే కాపురం. డెన్మార్క్, ఉత్తర జర్మనీ, స్వీడన్ కలిపి రెండువందల నలభై మంది. బొత్తాం ఇత్తడిదా తగరందా అని మూడు వందల కామెంట్లు రాసుకోగల ఓపిక ఉన్నవాళ్ళు. కొత్తవాళ్ళని చేర్చుకోవడం, తగువులు తీర్చడం, బట్టల కొలతలు గీసి పెట్టడం నేను చేస్తాను. "నువ్వు చేసేదేముంది, ఫోను నొక్కుకుంటూ కూర్చోవడమేగా" అంటాడు ఆస్గర్. గుడారాల దగ్గరైతే ముప్ఫైమందికి బార్లీ గంజి కాచేది ఆడవాళ్ళమే. ఎందుకని అడిగితే ఆ కాలంలో ఇంతే అంటాడు. ఆ కాలంలో కాఫీ మిషను కూడా లేదు. అది మాత్రం గుడారం వెనక దుప్పటి కప్పుకుని ఉంటుంది.

గ్రూపులో సోమవారం దెబ్బల రోజు. కమిలిన చోటు ఫోటో తీసి పెట్టి, ఏ రోజు, ఒంట్లో ఎక్కడ అన్నది మాత్రం రాయాలి. కొట్టినవాడి పేరు రాయకూడదు. వాడే వచ్చి కింద "ఆ దెబ్బ నాది" అని ఒప్పుకోవాలి, మళ్ళీ కలిసినప్పుడు తాగే ఎద్దుకొమ్ము నిండా తేనెసారా పొయ్యాలి. తిన్నవాడు "స్వీకరించాను" అని రాశాడా, అంతటితో చెల్లు. ఆ మాట ఇక ఎవరూ ఎత్తకూడదు. ఈ నియమం పెట్టింది ఆస్గరే. వాడు చెబుతుంటే టైపు చేసింది నేను.

శుక్రవారం సంగతి చెప్పాలి. స్వీడన్ నుంచి ఎబ్బా అనే అమ్మాయి చొక్కా చంకలో వేసే అతుకు ఎలా కత్తిరించాలని గ్రూపులో అడిగింది. ఆస్గర్ ఏదో చెప్పాడు. అలా కత్తిరిస్తే చెయ్యెత్తగానే చిరుగుతుందని నేను రాశాను, నా కొలత ఫోటో కూడా పెట్టాను. అరవైమంది లైకు కొట్టారు. సాయంత్రం ఆస్గర్ ఇంటికొచ్చి, బల్ల మీద రొట్టె, హెర్రింగు చేప పెట్టి ఉంటే కూర్చోలేదు. "నలుగురిలో నా నోరు మూయిస్తావా?" అన్నాడు. అరవలేదు. గోడకి తగిలించిన సాధన కర్రకత్తి తీశాడు. నేను పళ్ళెం కోసం అటు తిరిగి ఉన్నాను. మొదటిది చేతి మీద పడగానే అరిచాను. పళ్ళెం పగిలింది, నేను పొయ్యికీ బల్లకీ మధ్య పడ్డాను. పడ్డాక కూడా కొట్టాడు. గుడ్లు లెక్కపెట్టినంత నిదానంగా, ఎక్కడ పడాలో చూసుకుని మరీ కొట్టాడు. అరిచాను. ఆగలేదు. పింగాణీ పెంకు అరచేతిలో దిగి రక్తం గచ్చంతా అయింది. చివరికి కత్తికి నూనె రాసి, మళ్ళీ గోడకి తగిలించి, కూర్చుని చేప తిన్నాడు. "బరిలో అయితే ఈపాటికి చచ్చేదానివి" అన్నాడు, రొట్టె నములుతూ.

ఇది మొదటిసారి కాదు. రెండేళ్ళ కింద జుట్టు పట్టుకుని తలుపుకేసి కొడితే పక్కటెముక చిట్లింది. డాక్టరు అడిగితే మేం పాతకాలపు యుద్ధాలాడతామని చెప్పాను. ఆయన నవ్వేసి, నాకు గోల్ఫ్ ఆడితేనే నడుం పట్టేస్తుందమ్మా అని, ఆటలో తగిలిన దెబ్బ అని రాసేశాడు. నేను జన్మలో కత్తి పట్టలేదు. మా అత్తగారు ఇంగెర్‌కి నా మెడ మీద మచ్చ కనబడితే, "వాడికి ఉన్నదల్లా ఆ కత్తుల పిచ్చే కదా, తాగుడు లేదు, తిరుగుడు లేదు" అంది. ఎంత పెద్ద గుమ్మడికాయైనా కత్తిపీటకి లోకువ అంటారు. ఆ గ్రూపులో నా మాటకి ఎంత విలువున్నా, ఇంటికొచ్చాక నేను గుమ్మడికాయనే. ఇవన్నీ తెలిసీ ఎందుకున్నావంటారా? భయం. పైగా, బయట అంత మంచివాడు ఇంట్లో ఇలా చేస్తున్నాడంటే నాలోనే ఏదో లోపముందని చాలాకాలం నిజంగానే నమ్మాను. ఆ నమ్మినందుకు ఇప్పుడు నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

కోటు తొట్టిలో వదిలేసి, తడికాళ్ళతోనే నిలబడి ఫోను చూశాను. అప్పటికే పది ఫోటోలున్నాయి. ఒకడి తొడ, ఒకడి మోచెయ్యి. రంగు బాగా దిగింది, వంకాయ కూర వండుకోవచ్చు అంటూ జోకులు. అంత సంబరంగా దెబ్బలు చూపించుకునేవాళ్ళని చూసి నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. చొక్కా విప్పాను. అద్దంలో చెయ్యి, వీపు, పక్కటెముకలు వరుసగా తీశాను. "శుక్రవారం. ఎడమ చెయ్యి, వీపు, పక్కలు" అని నియమం ప్రకారమే రాసి పెట్టేశాను.

మొదట అభినందనలు వచ్చాయి. సోల్వై కూడా బరిలోకి దిగిందోచ్ అని నా గురించి ఒకడు. ఆస్గర్ ఇంట్లోనే బడి పెట్టాడా అని ఇంకొకడు. ఎవర్రా కొట్టింది, బయటికి రండి, కొమ్ము బాకీ పడ్డారు అని మరొకడు. ఇరవై నిమిషాలు అలా నడిచింది. అప్పుడు మేరెటె రాసింది. మేరెటె పశువుల డాక్టరు, దండులో డాలు పట్టడం నేర్పేది ఆవిడే.

"కోటు మీద పడ్డ దెబ్బ చెదిరి కములుతుంది. ఇవి రైలుపట్టాల్లా జంటగీతలు, మధ్యలో తెలుపు. ఒట్టి ఒంటి మీద కర్రతో కొట్టినవి. కొన్ని కింద పడ్డ మనిషి మీద పడ్డాయి. శుక్రవారం మనకి సాధన ఎక్కడ జరిగింది? ఏడు లెక్కపెట్టాను. 'తగిలింది' అనగానే చెయ్యి ఆపుతాం కదా, ఏడెలా పడ్డాయి?"

దెబ్బ తిన్నవాడు "తగిలింది" అని అరవడం, ఆ అరుపుకి కొట్టేవాడి చెయ్యి గాల్లోనే ఆగడం, ఈ ఆటకి ప్రాణం అదే. ఆస్గర్ చెయ్యి ఆగినట్టు ఇంకెవరి చెయ్యీ ఆగదని దండులో పేరు. నా ఫోను మోగింది, ఎత్తలేదు. మళ్ళీ మోగింది. తర్వాత ఆస్గర్ దగ్గర్నుంచి మెసేజి వచ్చింది: తీసెయ్. ఇంటికొస్తున్నా.

తీయలేదు. రెండు నిమిషాలకి గ్రూపులో వాడే రాశాడు.

"ఇంట్లో సరదాగా సాధన చేశాం, చెయ్యి కొంచెం బరువుగా పడింది. ఆ దెబ్బ నాది. సిగ్గుపడుతున్నాను. ఆగస్టు జాతరలో అందరి ముందూ మోకాళ్ళ మీద కూర్చుని సోల్వైకి కొమ్ము అందిస్తాను."

చూస్తుండగానే లైకులు పడ్డాయి. నలభై, డెబ్భై. నిజమైన వీరుడంటే నువ్వే అని రాశారు. నేను కొలత గీసిపెట్టిన ఎబ్బా కూడా ఎర్రగుండె పెట్టింది. మేరెటె లెక్క ఇంతమందిలో ఒక్కరూ చదవలేదా అనుకున్నాను.

వెంటనే ప్రేబెన్ ఫోన్ చేశాడు. దండు పెట్టిన పెద్దాయన, డెబ్భై దాటాయి, నన్ను కూతురిలా చూస్తానంటాడు.

"అమ్మా సోల్వై, అందరి ముందూ ఒప్పుకున్నాడు కదమ్మా. మగాడు అలా ఒప్పుకోవడమంటే మాటలా? స్వీకరించానని ఒక్క ముక్క రాసెయ్యి. లేకపోతే దండు చీలిపోతుంది."

"దెబ్బలెన్నో నువ్వు లెక్కపెట్టావా?"

"నేనెందుకు లెక్కపెడతానమ్మా?"

"లెక్కపెట్టాక మళ్ళీ చెయ్యి" అని ఫోన్ పెట్టేశాను.

అయినా నిజం చెప్పాలి, రాయబోయాను. "స్వీ" దాకా నా వేలే నొక్కింది. వాడు దారిలో ఉన్నాడు. ఆ ఒక్క మాట రాస్తే గుమ్మంలోకి వచ్చేసరికి ముఖం చల్లబడి ఉంటుంది, పూలు కూడా తేవచ్చు. ఆగస్టులో డప్పులు కొడతారు, వాడు మోకాళ్ళ మీద కూర్చుంటాడు, నేను తాగుతాను, జనం ఫోటోలు తీస్తారు. ఆ తర్వాత ఇంకో శుక్రవారం వస్తుంది. కొట్టడం, ఒప్పుకోవడం, చప్పట్లు. అడుసు తొక్కడం వాడి వంతు, ఆ కాలు కడిగే చెంబు నేను. నేను స్వీకరించానంటే ఈ ఏడే కాదు, రెండేళ్ళ కిందటి పక్కటెముకా చెల్లు, రేపు పడేవీ చెల్లు. ఒకరోజు నన్ను చంపేసి కూడా ఆ దెబ్బ నాదేనని రాస్తాడు. స్వీకరించడానికి అప్పుడు నేనుండను, నా తరఫున ప్రేబెన్ స్వీకరిస్తాడు. రాసిన అక్షరం చెరిపేశాను.

ఇంతలో మేరెటె ఫోన్ చేసింది, పలకరింపులేం లేవు. "పాస్‌పోర్టు, మందులు తీసుకుని గుమ్మంలో ఉండు. పది నిమిషాలు" అంది. ఎనిమిది నిమిషాలకే వచ్చింది. కారెక్కేటప్పుడు నేను పక్కలు పట్టుకోవడం చూసి పళ్ళు కొరికింది. ఊరి చివర మలుపులో ఆస్గర్ నీలం వ్యాను ఎదురొచ్చింది. అద్దంలోంచి వాడు నన్ను చూశాడు, నేనూ చూశాను. మేరెటె వేగం పెంచింది.

ఫోను తీశాను. వాడి ఒప్పుకోలు కింద అప్పటికి నూట పద్నాలుగు లైకులున్నాయి. రెండువందల నలభై మందీ నా ఒక్క మాట కోసం చూస్తున్నారు. కుడిచేత్తో నెమ్మదిగా, తప్పుల్లేకుండా రాశాను.

"స్వీకరించను. మొదటి దెబ్బకే 'తగిలింది' అని అరిచాను, ఆస్గర్. ఆ తర్వాత ఆరు కొట్టావు. నేను పోలీసుల దగ్గరికి వెళ్తున్నాను. ఆ ఆరూ నావేనని అక్కడికొచ్చి ఒప్పుకో."