సోడాలో ఉతికిన గ్లౌజులు

పొద్దున్నుంచీ కస్తూరమ్మకు కాలు ఒకచోట నిలవడం లేదు. బర్మామైన్స్ సందులో కుట్టు సెంటరు ముందు, తీగ మీద గ్లౌజులు తెల్లగా ఆరుతున్నాయి. వాటిని తడుముతుంది, తిరగేస్తుంది, సందు మొదటికి వెళ్లి సోనీ స్కూటీ వస్తోందేమో చూసొస్తుంది.

ఇన్నేళ్లూ ఆ సెంటర్లో ఆడవాళ్లు కార్ఖానాలకు గుడ్డ గ్లౌజులు కుట్టేవారు. కంట్రాక్టర్లు బయటి సరుకు తెప్పించుకోవడం మొదలుపెట్టాక ఆర్డర్లు ఆగిపోయాయి. మిషన్లు అమ్మేద్దామనుకుంటుండగా సోనీ వచ్చింది. అదే ఊళ్లో బారిడీహ్ పేట పిల్ల, హిందీ ఆమె భాష, బొమ్మలు గీసే చదువు చదువుకుంది. వాడేసిన గ్లౌజులు ఎక్కడెక్కడివో పోగుచేసి తెచ్చి, వాటిని కలిపి గోడంత తెర కుట్టమంది. రేపు ఒక హోటలు వాళ్లు చూడటానికి వస్తారు. నచ్చితే చేతినిండా పని. నచ్చకపోతే మిషన్లు బేరానికి పోతాయి.

అంత పెద్దవాళ్లు వస్తుంటే గ్రీజు గ్లౌజులు ముందు పెట్టడానికి కస్తూరమ్మకు మనసొప్పలేదు. సోడా వేసి మరిగించి, బ్రష్షుతో రుద్ది ఉతికేసింది.

సోనీ స్కూటీ దిగి, తీగ వైపు చూసి, హెల్మెట్ తీయడం మరిచిపోయింది.

"ఆంటీ, యే క్యా కర్ దియా? ఏం చేశారిది?"

"ఉతికీసేను. కంపు కొడతన్నాయి గదమ్మా."

"దాగ్ హీ తో చాహియే థా! ఆ మరకలే కావాలి ఆంటీ. ఎక్కడ పట్టుకున్నారో, ఎక్కడ కాలిందో, అదంతా కనపడాలి!"

అందరిలోకీ పెద్దదైన చిలకమ్మ మిషను మీంచి తలెత్తింది. "ఒలమ్మా! మురికి గోడకి ఏలాడదీసి సూపించుకుంతారేటే? మా ఆయన బనీను ఇత్తాను, అదీ కుట్టీ."

సోనీకి నవ్వొచ్చింది. ఆ వెంటనే కళ్లలో నీళ్లూ వచ్చాయి.

అవి చూశాక కస్తూరమ్మకు ఇంకా నిలకడ పోయింది. "కార్ఖానా గేటు కాడికెళ్లి మురికివి అడుగుతాను" అంది.

"ఎవులిత్తారే? పాత జత ఒప్పచెప్తేనే స్టోరులో కొత్త జత. నీ మొగుడే ఇవ్వడు" అంది చిలకమ్మ.

అదీ నిజమే. కస్తూరమ్మ చూపు అటక మీది గుడ్డ తాను మీద పడింది. మిషన్లతోపాటు అమ్మడానికి దాచిన ఆఖరి తాను. కుర్చీ ఎక్కి దాన్ని కిందికి లాగింది.

"షిఫ్టు ఒదిలీలోపు ఎన్నయితే అన్ని కుట్టండర్రా. కొత్తవిచ్చి పాతవి అడుగుతాను."

"అదీ అయిపోతే ఇంకేటుంటాదే మనకి?" అంది చిలకమ్మ.

కస్తూరమ్మ తాను పరిచి కత్తెర ఆడించింది. కాసేపటికి చిలకమ్మ మిషనూ కదిలింది.

మధ్యాహ్నం షిఫ్టు వదిలేసరికి కస్తూరమ్మ సంచితో గేటు బయట నిలబడింది. ముందొచ్చినవాడు ఆమె మొగుడు బలరామే.

"ఏటే, ఇక్కడేటి పని?"

"సేతులకున్నవి ఇప్పీ."

"పిచ్చా నీకు? రేపు స్టోరోడికి ఏటిచ్చేది?"

"కొత్తవి ఇత్తన్నాను గదా. అరిచెయ్యి కాడ రెండు కుట్లు ఏసేం."

వెనక ఎవరో నవ్వారు. "తీసీ అన్నా, ఇంటికెళ్తే అన్నం పెట్టదు!" బలరామ్ గొణుక్కుంటూ కొత్తవి తొడుక్కున్నాడు, వేళ్లు ముడిచి చూశాడు, పాతవి సంచిలో పడేశాడు. ఆ తర్వాత మిగతావాళ్లు చేతులు చాపారు. సంచి నిండింది గానీ తెరకు సరిపోయేన్ని కాలేదు. చాలనిచోటల్లా సోనీ ఉతికిన తెల్లవి చేర్చి, రాత్రికి రాత్రే తెర కుట్టించింది.

మర్నాడు హోటలు తరఫున వచ్చినావిడ తెర ముందు చాలాసేపు నిలబడింది. దగ్గరకు వెళ్లింది, దూరం జరిగింది.

"ఈ తెల్లవేమిటి?" అని హిందీలో అడిగింది.

సోనీ నోరు తెరిచేలోపే కస్తూరమ్మ ముందుకొచ్చింది. "మైనే ధోయా, నేనే ఉతికేశాను. మురికి చూడలేక."

ఆవిడ నవ్వలేదు. ఒక నల్ల గ్లౌజునూ దాని పక్కనున్న తెల్లదాన్నీ ఒకేసారి పట్టుకుని చూసింది. తమ హాలుకు ఇలాంటి తెరలు రెండు కావాలంది. ఇలాగే, తెల్లవీ నల్లవీ కలిపి.

సోనీ చిలకమ్మను కావలించుకుంది. "అయితే మొగుళ్లకి సెప్పండర్రా, బేగి మురికి సెయ్యమని!" అంది చిలకమ్మ.

కస్తూరమ్మకు కుదురు లేదు. నల్లవి కావాలంటే గేటు దగ్గర మార్చడానికి కొత్తవి కుట్టాలి. అటక ఖాళీ.

"మేడమ్, ముందు గుడ్డ తాను పంపించండి" అంది ఆవిడతో. ఆవిడ సరేనని కారెక్కింది.

కారు మలుపు తిరిగాక కస్తూరమ్మ లోపలికి వచ్చి చిలకమ్మతో మెల్లగా అంది. "తాను వచ్చీదాకా ఆగుదాం. మిషన్లు కొంతామని ఎవులొచ్చినా గడప ఎక్కనీకే."