కొత్తది వచ్చేదాకా

ఆగుబాబు అడ్డుపడకపోయి ఉంటే ఆర్టిస్టు ఈపాటికి నాలుగు రాళ్లు వెనకేసుకునేవాడు. ఆ మాట ఆర్టిస్టు టీ కొట్టు దగ్గర అంటాడు, షాపుకొచ్చినవాళ్లతో అంటాడు, వినేవాళ్లు దొరక్కపోతే భార్యతో అంటాడు. భార్యకు వినక తప్పదు. ఆగుబాబు ఆవిడకు స్వయానా తమ్ముడు.

కంప్యూటర్ల షాపులో కౌంటర్ వెనక నిలబడి పదిహేనేళ్లుగా జీతం తీసుకుంటున్నాడు ఆ తమ్ముడు. ఎవరేం కొనబోయినా "కొంచెం ఆగు" అంటాడు. ఫోన్ కొంటానంటే ఆగమంటాడు, ఫ్రిజ్ కొంటానంటే ఆగమంటాడు. తనకు పెళ్లి సంబంధం వచ్చినప్పుడు కూడా కొంచెం ఆగుదామన్నాడట. ఆ పిల్ల ఆగలేదు. అప్పట్నించీ ఆ పేరే ఖాయమైపోయింది. అమ్మాల్సిన సరుకునే వద్దనేవాణ్ని ఆ షాపువాళ్లు ఎలా భరిస్తున్నారో ఆర్టిస్టుకు అంతుపట్టేది కాదు. జనం మాత్రం వాడి సలహా అంటే చెవికోసుకునేవాళ్లు. వద్దన్నవాడు మోసం చేయడని వాళ్ల ధీమా.

ఆర్టిస్టు ఆరో తరగతిలో బడి మానేసి బ్రష్ పట్టాడు. ఇరవై ఏళ్లు గోడల మీదా షట్టర్ల మీదా లారీల వెనకా అక్షరాలు రాశాడు. రంగుల కాలం పోయి స్టిక్కర్ల కాలం వచ్చేసరికి అప్పు చేసి కటింగ్ మిషన్ కొన్నాడు. లాప్‌టాప్‌లో అక్షరం గీస్తే, మిషన్‌లో ఉన్న బియ్యపు గింజంత కత్తి స్టిక్కర్ షీటు మీద అదే గీత పట్టుకుని పోతుంది. మధ్యలో అక్కర్లేని ముక్కల్ని సూదితో లేపి తీసేయడం భార్య పని. ఆవిడ చేతిలో ఒక్క అక్షరం కొస కూడా చిరిగేది కాదు.

ఆ మిషన్ కొన్న మూడో వారంలోనే దాని కొత్త మోడల్ వచ్చింది. వేగం రెట్టింపు, ధర తక్కువ. వీధి వీధంతా తనని చూసి నవ్విందని ఆర్టిస్టు ఈనాటికీ నమ్ముతాడు. నవ్వింది ఎదురుగా తాళాలు బాగుచేసేవాడొక్కడే. వాడు ఎవరింట్లో ఏం జరిగినా నవ్వుతాడు.

అలాంటి షాపుకు ఒక ఎండాకాలం పెద్ద పని వచ్చింది. బడి పిల్లల్ని తిప్పే బస్సుల కంపెనీ ఒకటి పేరు మార్చుకుంది. ఉన్న బస్సులన్నిటికీ రెండు పక్కలా కొత్త పేరు, వెనక నంబరు, ముందు అద్దం మీద రూటు. బడులు తెరిచే రోజుకి ఒక్క బస్సు కూడా పాత పేరుతో రోడ్డెక్కకూడదని మేనేజరమ్మ షరతు. ఈ పని నిలబెట్టుకుంటే ఏటా వాళ్ల పనంతా తనకే వస్తుంది.

చిక్కల్లా లాప్‌టాప్‌తోనే. దాని మూత కీలు విరిగి, వెనక ఇటుక ఆనిస్తే గానీ నిలబడదు. లోపలి ఫ్యాను పిండిమరలా మోగుతుంది. బస్సు పేరంత పెద్ద అక్షరం తెరిస్తే ఒళ్లు కాలిపోయి ఉన్నపళంగా ఆరిపోతుంది. రెండు బస్సులు పూర్తయ్యేసరికి ఆర్టిస్టు ప్రాణం విసిగిపోయింది. బావమరిది షాపుకెళ్లాడు.

"ఒరేయ్, ఆ అద్దాల బీరువాలో బూడిద రంగుది ఎంత?"

ఆగుబాబు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "ఇప్పుడా బావా కొనేది? వచ్చే నెల కొత్త జనరేషన్ దిగుతోంది. అసలు వేడెక్కదంట. ఫ్యానే లేదంట దాంట్లో."

"ఫ్యాను లేకపోతే చల్లగా ఎలా ఉంటుందిరా?"

"అదే మరి గొప్ప! కొంచెం ఆగావంటే అదైనా కొనుక్కోవచ్చు, రేటు పడ్డాక ఇదైనా కొనుక్కోవచ్చు."

"ఇవాళే తీసుకెళ్తే ఏమవుద్ది?"

"ఏమీ కాదు. నెల తిరిగాక మళ్లీ మిషన్ కథే అవుద్ది. నీ ఇష్టం."

ఆ మాట సూదిలా గుచ్చుకుంది. ఆర్టిస్టు ఖాళీ చేతులతో ఇంటికొచ్చేశాడు.

ఆ నెలంతా లాప్‌టాప్‌కు సేవలు జరిగాయి. స్టీలు పళ్లెంలో ఐసు ముక్కలు పోసి, దాని మీద ఇంకో పళ్లెం బోర్లించి, ఆ పైన దాన్ని కూర్చోబెట్టేవాడు. పక్కనుంచి టేబుల్ ఫ్యాను.

"నాకు జ్వరమొచ్చినప్పుడు తడిగుడ్డ కూడా వెయ్యలేదు కదయ్యా నువ్వు" అంది భార్య, సూది చేతిలో పట్టుకుని.

"నువ్వు అక్షరాలు కొయ్యవు కదే."

"కొయ్యకపోతే పోయె, ఆరిపోను కూడా ఆరిపోలేదు."

అలా నడిపిస్తూ ఉంటే ఒక్కో బస్సు తయారయ్యేది. వచ్చే నెల అన్నది ఆ పై నెలకు జరిగింది. ఆర్టిస్టు వారం వారం షాపుకెళ్లి వచ్చిందా అని అడగడం, ఆగుబాబు నీళ్లు నమలడం మామూలైపోయింది. ఒకరోజు ఆగుబాబే ఫోన్ చేశాడు.

"బావా, ఆ బూడిద రంగుదానికి రేటు తగ్గించారు. ఒక్కటే మిగిలింది. నీకోసం పక్కన పెట్టాను. సాయంత్రంలోగా వచ్చి పట్టుకుపో."

"కొత్తది ఎప్పుడంట?"

"పది రోజుల్లో అంటున్నారు. కానీ నీ పనికి ఇది చాలు బావా. ఈ ఒక్కసారి నా మాట విను."

"ఇన్నాళ్లూ ఆగమని, తీరా గుమ్మం దాకా వచ్చాక పాతది అంటగడతావా? మీ షాపులో పేరుకుపోయిన సరుక్కి నేను దొరికానా?"

"సరే నీ ఇష్టం" అని ఆగుబాబు ఫోన్ పెట్టేశాడు. ఆ బూడిద రంగుది చీకటి పడకముందే ఎవరో కాలేజీ పిల్ల పట్టుకుపోయింది.

కొత్తది దిగిన రోజు ఆర్టిస్టు షట్టర్ తియ్యకముందే వెళ్లి మెట్ల మీద కూర్చున్నాడు. పాత లాప్‌టాప్ మార్పిడికి ఇస్తే ధరలో కొంచెం తగ్గిస్తామంటే అదీ ఇచ్చేశాడు. ఆగుబాబు ఆ రోజు సెలవు. ఇంటికొచ్చి పెట్టె విప్పితే నిజంగానే అందంగా ఉంది. పలకంత పల్చన. ఒళ్లో పెట్టుకున్నా చల్లగానే ఉంది. తాళాలవాడు కూడా వీధి దాటి వచ్చి చూసి, ఈసారి నవ్వలేదు. ఆర్టిస్టు కడుపు నిండిపోయింది.

సాయంత్రం మిషన్‌కు తగిలించాడు. మిషన్ పలకలేదు. కేబుల్ మార్చాడు. ఆపి మళ్లీ వేశాడు. మిషన్ పచ్చ దీపం వెలిగించుకుని అతని మొహం చూస్తూ కూర్చుంది, కత్తి మాత్రం కదల్లేదు.

అప్పుడే బావమరిదికి ఫోన్ చేసి ఉంటే సరిపోయేది. కానీ పాత సరుకు అంటగడుతున్నావని తిట్టిన నోటితో మళ్లీ ఎలా పిలుస్తాడు? ఐదు రోజులు తనే తంటాలు పడ్డాడు. మధ్యలో విసుగొచ్చి బ్లేడుతో, స్కేలుతో చేత్తోనే కోసి ఒక బస్సు పూర్తి చేశాడు. అక్షరాలు అద్దంలా వచ్చాయి. మెడ మాత్రం పట్టేసి పక్కకు తిరగలేదు.

ఆరో రోజు మొగుడికి చెప్పకుండా భార్యే తమ్ముణ్ని పిలిపించింది. ఆగుబాబు బల్ల కిందకు దూరి, పైకి లేచి, కీబోర్డు మీద ఏవేవో నొక్కి, చివరికి మొహం తుడుచుకున్నాడు.

"దీని లోపల మెదడే వేరే రకం బావా. మీ మిషన్‌ను నడిపే ప్రోగ్రాం దీనికి అర్థం కాదు. మిషన్ కంపెనీ దీనికింకా కొత్తది రాయలేదు."

"రాస్తారా?"

"రాస్తారు. కొంచెం ఆ..." అంటూ అక్క మొహం చూసి నాలిక కరుచుకున్నాడు.

"బూడిద రంగుదైతే?"

"అది పాత రకమే బావా. తగిలించగానే నడిచేది."

ఫ్యాను లేని ఆ లాప్‌టాప్ కిక్కురుమనకుండా మధ్యలో కూర్చుంది.

"పాత రకంది, వాడినదైనా సరే, రేపు పొద్దున్నకి తెస్తాను" అని ఆగుబాబు లేచాడు. ఆ సాయంత్రమంతా ఊళ్లో ఉన్న రిపేరు షాపులన్నీ తిరిగాడు. మర్నాడు తొమ్మిది గంటలకు సంచిలో ఒక పాతది వేసుకుని వచ్చాడు. దాన్ని తగిలించగానే మిషన్ కుయ్‌మని కదిలింది. ఆర్టిస్టు చొక్కా అయినా మార్చుకోకుండా బస్సుల షెడ్డుకు పరుగెత్తాడు.

మేనేజరమ్మ ఒక బస్సు పక్కన నిలబడి ఉంది. నిచ్చెన మీద తనకు తెలియని మనుషులిద్దరు పేరు అతికిస్తున్నారు.

"రండి ఆర్టిస్టు గారూ. నిన్న సాయంత్రం వీళ్లతో మాట్లాడేశాను."

"మిషన్ బాగైందమ్మా. ఇవాళ్టి నుంచి రోజుకు మూడు బస్సులు చేసిచ్చేస్తాను."

"వారం రోజుల బట్టి మీ నుంచి వచ్చింది ఒక్క బస్సు. ఫోన్ చేస్తే లాప్‌టాప్ వచ్చిందన్నారు, అయిపోతుందన్నారు. కష్టంగా ఉందని ఒక్క మాట చెప్పారా? మీ పని బాగుంటుంది, నేను కాదనను. బాగుంటుందని బడులు తెరవకుండా ఆపలేను కదా."

ఆవిడ గొంతులో కోపం లేదు. ఉంటే బతిమాలడానికి వీలుండేది. చేసినంతకు డబ్బు ఆ రోజే ఇప్పించింది. వచ్చే ఏడు సంగతి ఆర్టిస్టు అడగలేదు, ఆవిడ ఎత్తలేదు.

ఇంటికొచ్చేసరికి ఆగుబాబు ఇంకా అక్కడే ఉన్నాడు, అక్క పెట్టిన భోజనం ముందు. బావ మొహం చూసి కంచంలో చెయ్యి కదపడం మానేశాడు.

"అంతా నీ మూలానే కదరా" అన్నాడు ఆర్టిస్టు నెమ్మదిగా. "ఆగమన్నావు."

"అవును బావా, అన్నాను."

భార్య కంచంలో ఇంకాస్త వడ్డించి తమ్ముడి వైపు జరిపింది. "ఆగమన్నప్పుడు విన్నావు. కొనుక్కోమన్నప్పుడు వినలేదు. పదిహేనేళ్లలో వాడు కొనమన్నది ఆ ఒక్కసారేనయ్యా."

ఆర్టిస్టు కాళ్లు కడుక్కోవడానికి పెరట్లోకి పోయాడు. చాలాసేపు కడుక్కున్నాడు.

బడులు తెరిచారు. ఆ బస్సులు ఇప్పుడు షాపు ముందు నుంచే పోతుంటాయి. రెండో అక్షరానికీ మూడో అక్షరానికీ మధ్య వేలెడు ఖాళీ ఎక్కువున్న బస్సు వెళ్తే, అది వేరేవాళ్లు అతికించిందని దూరం నుంచే పోల్చుకుంటాడు. టీ కొట్టు దగ్గర పక్కవాడికి కూడా చూపించి, బావమరిది పేరెత్తి, మొదట్నించీ చెప్పుకొస్తాడు, ఆ ఫోన్ సంగతి ఒక్కటి తప్ప. ఇలా చేజారినవి ఇరవై తొమ్మిది బస్సులు. బస్సుకు మూడు వేల ఎనిమిది వందల చొప్పున, లక్షా పది వేల రెండు వందలు.