ఎత్తకూడని ఫోను

"ఆ రైలు కొండ మీంచి జారిపడితే మనకెవరు ఫోన్ చేసి చెప్తారండీ? చెప్పినా వాళ్ళ భాషలో చెప్తే మనకేం అర్థమై చస్తుంది?"

రత్నకుమారి ఈ మాట అనేటప్పటికి రైలు కాదు కదా, విమానం కూడా ఎక్కలేదు మధులిక. ఇంగ్లండులో, స్టీవెనేజ్‌లోని వాళ్ళింటి హాల్లో కార్పెట్ మీద చతికిలబడి, ఎర్రటి వీపు సంచి మూలల్లో సాక్సులు కుక్కుతోంది.

"రైలు కొండెక్కదమ్మా. కొండ కిందే ఆగుతుంది, లావో కాయ్‌లో. అక్కణ్ణుంచి సాపాకి మినీబస్సు."

"అయితే బస్సు జారుతుంది."

"టాక్సీ సంగతి కూడా అడిగెయ్," అన్నాడు ఆమె భర్త వెంకటసుబ్బారావు పేపర్ వెనక నుంచి. "మూడూ ఒకేసారి దొర్లించేస్తే రాత్రికి హాయిగా నిద్రపడుతుంది."

మధులికకి ఇరవై రెండేళ్ళు. ఆ వేసవిలోనే డిగ్రీ చేతికొచ్చింది. అక్టోబర్‌లో బ్రాక్‌నెల్‌లో ఉద్యోగం. ఈ మధ్యలో దొరికిన మూడు వారాలు వియత్నాం ఉత్తరాన తిరగాలని పట్టుబట్టింది, అదీ ఒక్కతే. ఎన్ని రోజులు అరిచినా మాట వినని పిల్లతో చివరికి రత్నకుమారి ఒక ఒప్పందానికి వచ్చింది. ఎక్కడ దిగినా అక్కణ్ణుంచి ఇంటి ఫోనుకి మిస్డ్ కాల్ ఇవ్వాలి. ఒక్క రింగు. ఆ రింగుకి అర్థం, క్షేమంగా చేరాను అని.

ఈ పద్ధతి ఆమెకి కొత్తది కాదు. పెళ్ళైన కొత్తలో భర్త హైదరాబాద్ ఉద్యోగానికి వెళ్తే, రేపల్లెలో పక్కింటి పుష్పలీల వాళ్ళ ఫోను ఒక్కసారి మోగి ఆగిపోయేది. పుష్పలీల గోడ మీంచి తల పెట్టి "మీ ఆయన దిగాడే" అని కేకేసేది. ఆ కేకతో రత్నకుమారి వారం రోజులు బతికేది.

"కానీ నువ్వు ఎత్తకూడదు," అంది మధులిక సంచి జిప్పు లాగుతూ. "నేను హనోయిలో సిమ్ కొంటాను. నువ్వు ఎత్తావంటే అందులో ఉన్న డబ్బంతా ఒక్క నిమిషంలో గోవిందా. సీరియస్లీ అమ్మా. ఒక్కసారి ఎత్తావో, ఇంక కాల్ చెయ్యను. ప్రామిస్."

"నేనెందుకు ఎత్తుతానే? నాకు తెలీదా ఏంటి మిస్డ్ కాల్ అంటే!"

ఫ్రిజ్ మీద కాగితం అంటించి వెళ్ళింది మధులిక. బుధవారం హనోయి. శుక్రవారం సాపా. ఆదివారం బాక్ హా, అక్కడ సంత. మంగళవారం హా జియాంగ్. మన టైముకి పొద్దున్న ఎనిమిది, ఎనిమిదిన్నర మధ్య ఫోను, అని కింద రాసింది.

బుధవారం ఎనిమిదీ పదికి మెట్ల కింద బల్ల మీద ఫోను ఒకసారి మోగి ఆగిపోయింది. రత్నకుమారి రెండు చేతులూ చీర కుచ్చిళ్ళలో దాచుకుని నిలబడి విన్నది. ఆగిపోయాక దాని తల నిమిరింది. తర్వాత, ఆఖరున వచ్చిన కాల్ నంబరు చెప్పే 1471 కొట్టి చూసింది. నంబరు లేదని లోపలి ఆడమనిషి చెప్పింది. లేకపోతే పోయింది, పిల్ల దిగింది, అది చాలు.

చాలుననుకుంది గానీ చాల్లేదు. దిగిన ఊరు ఎలా ఉంటుంది? దోమలుంటాయా? రైల్లో ఆడవాళ్ళకి వేరే పెట్టె ఉంటుందా? భర్తనడిగితే "నెట్‌లో చూడు" అంటాడు. అందులో చూస్తే ఎప్పుడో ఎక్కడో బోల్తా పడిన బస్సు బొమ్మే ముందు కనిపిస్తుంది ఆమెకి. చదివింది పదో తరగతి. చేసేది స్కూలు క్యాంటీన్లో పిల్లలకి వడ్డించే పని. ఎవరినడగాలి?

ఆ మధ్యాహ్నం పని ముగించుకుని బస్ స్టేషన్‌కి వెళ్తుంటే, గడియారం స్తంభం పక్క సందులో గోళ్ళ షాపు కనిపించింది. ఏళ్ళ తరబడి దాని ముందు నుంచే నడిచింది. ఎవరో చైనా వాళ్ళదనుకునేది. ఇవాళ అద్దం వెనక చిన్న జెండా కనబడింది, ఎర్ర గుడ్డ మీద పసుపు నక్షత్రం. మధులిక తెచ్చిన వియత్నాం పుస్తకం అట్ట మీదున్నది అదే.

లోపలికైతే వెళ్ళింది గానీ, ఊరికే వచ్చి అడిగితే ఏం బావుంటుందని చేతులు చాపి కూర్చుంది. ఎదురుగా ముక్కు మీద మాస్కు కట్టుకున్న నలభై ఏళ్ళావిడ.

"ఏ రంగు?"

"రంగొద్దు. వంటింట్లో పని. మా సూపర్‌వైజర్ చంపుతుంది. గోరు తియ్యండి చాలు." ఒక వేలు అయ్యాక ఉండబట్టలేక అడిగేసింది. "మా అమ్మాయి మీ ఊరెళ్ళింది. హనోయి నుంచి రైల్లో లావో కాయ్. ఆ రైలు మంచిదేనా?"

ఆవిడ చేతిలో ఆకురాయి ఆగింది. మాస్కు కిందికి లాగింది. పేరు లాన్. సొంతూరు హైఫాంగ్, సముద్రం పక్క. ఇద్దరిదీ అరకొర ఇంగ్లీషే. అందుకేనేమో, మూడో మనిషెవరూ లేకుండానే ఒకరి మాట ఒకరికి చక్కగా అర్థమైంది.

"మంచి రైలు. గదికి నాలుగు పడకలు. రాత్రి ఎక్కితే తెల్లారేసరికి దిగుతారు. వేడినీళ్ళు ఇస్తారు, నూడిల్స్ కలుపుకోవచ్చు. ఒక్కతే వెళ్ళిందా?"

"ఒక్కతే."

"పెళ్ళి కాలేదా?"

"లేదు."

"అయ్యో," అంది లాన్, అచ్చం రేపల్లెలో అన్నట్టు. రత్నకుమారికి ప్రాణం లేచొచ్చింది. నా బాధ తెలిసిన మనిషి ఒకరు దొరికారనుకుంది.

మర్నాడు కూడా వెళ్ళింది. తీయడానికి గోళ్ళు మిగల్లేదు. లాన్ నవ్వి చేతులకి నూనె రాసి మర్దన చేసింది. "నిజం చెప్పాలంటే సాపా నేనెప్పుడూ చూళ్ళేదు. అది టూరిస్టుల ఊరు. బాక్ హా చూశాను. మా మేనమామ ఆ దారిలో బస్సు నడిపేవాడు. నాకు పదేళ్ళప్పుడు పక్కన కూర్చోబెట్టుకుని తీసుకెళ్ళాడు."

"దారి ఎలా ఉంటుంది? లోయలా?"

"లోయే. నేను కళ్ళు మూసుకున్నాను. మామయ్య తెరిచే ఉంచాడు. ఆయన తెరిస్తే చాలు కదా."

రత్నకుమారి పకపకా నవ్వింది. నవ్వాక ఆ సంత గురించి అడిగింది. లాన్ చెప్పింది. కొండల మీంచి ఆడవాళ్ళు తెల్లారక ముందే దిగుతారట, ఎన్ని రంగులో చెప్పలేనన్ని రంగుల లంగాలతో. గేదెలకి ఒక వైపు, గుర్రాలకి ఒక వైపు, కుక్కపిల్లలకి ఒక వైపు. మొక్కజొన్నలతో కాచిన సారా డబ్బాల్లో పోసి వరసగా పెడతారట, ఆ వాసన సందు మొదట్లోనే ముక్కుకి తగులుతుందట. కొనేవాడు మూత తీసి వాసన చూసి, పక్కవాడికి చూపించి, వాడు మరొకడికి చూపించి, చివరికి ఎవరూ కొనరట.

ఇంటికొచ్చాక ఫ్రిజ్ మీది కాగితంలో బాక్ హా అన్న మాట పక్కన పెన్సిల్‌తో గేదె, గుర్రం అని రాసుకుంది. ఎందుకు రాసుకుందో ఆమెకే తెలీదు.

శుక్రవారం ఎనిమిదీ అయిదు. ఫోను మోగింది. ఆ రింగు పూర్తి కాకుండానే రత్నకుమారి చెయ్యి దాని మీద ఉంది. మనసు వద్దంటూనే ఉంది. చెయ్యి వినలేదు.

"మధూ! తిన్నావా? చలేస్తోందా? పడకకి తెర ఉందా? పైదా కిందదా? పక్కనెవరు పడుకున్నారు? ఆడవాళ్ళేనా? స్వెట్టర్ తీశావా? మినీబస్సు డ్రైవరు ముసలాడా? కళ్ళు బాగా కనిపిస్తున్నాయా? పాస్‌పోర్టు లోపలి జేబులోనే ఉందా? నీళ్ళు కాచినవేనా?"

"అమ్మా! ఎత్తావేంటి, నేను చెప్పానా లే..."

ఠక్కున లైను తెగిపోయింది. ఫోను చెవి దగ్గరే పెట్టుకుని నిలబడింది రత్నకుమారి. కూతురి గొంతు విన్నానన్న సంతోషం ఒక అర నిమిషం. ఆ తర్వాత అసలు సంగతి తట్టింది. పదకొండు ప్రశ్నలు అడిగింది. నీ కొత్త నంబరు ఎంత అన్నది మాత్రం అడగలేదు.

"వచ్చిందా మిస్డ్ కాల్?" మేడ మీంచి అడిగాడు భర్త, గడ్డం గీసుకుంటూ.

"ఆ, వచ్చింది," అంది. అంతకు మించి చెప్పలేదు.

ఆదివారం ఎనిమిది నుంచి పదకొండు దాకా మెట్ల మీద కూర్చుంది. ఫోను మోగలేదు. సోమవారం లేదు. మంగళవారం హా జియాంగ్ చేరాల్సిన రోజు, అప్పుడూ లేదు. వెంకటసుబ్బారావు ఈమెయిల్ చూశాడు, రెండుసార్లు రాశాడు, జవాబు రాలేదు. ఆయన జోకులు తగ్గాయి. పొద్దున్నే పేపర్ తెరిచి ఒకే పేజీ చూస్తూ కూర్చుంటున్నాడు. అది చూసి రత్నకుమారికి ఇంకా భయం వేసింది. ఇన్నాళ్ళూ ఆయన నవ్వుతుంటేనే కదా తను ధైర్యంగా భయపడగలిగింది.

క్యాంటీన్లో బంగాళాదుంపల ముద్ద ఒక పిల్లాడి పళ్ళెంలో మూడుసార్లు వేసింది. వాడు పళ్ళెం చాచే ఉంచాడు.

ఆమె దేవుణ్ణి కోరుకున్నది ఒకటే. దానికి కోపం వచ్చి ఉండాలి స్వామీ. మాట తప్పినందుకు నామీద మండిపడి ఉండాలి. నెల్రోజులు మాట్లాడకపోయినా పర్లేదు. కోపమే అయ్యుండాలి, మరొకటి కాకూడదు.

బుధవారం మధ్యాహ్నం లాన్ షాపుకి వెళ్ళింది. చేతులు చాపలేదు. కుర్చీలో కూర్చుని జరిగింది చెప్పేసింది, ఫోను ఎత్తిన సంగతితో సహా. భర్తకి చెప్పుకోలేనిది గోళ్ళు తీసే మనిషికి చెప్పింది.

లాన్ వెనక గదిలోకెళ్ళి ఫోను తెచ్చి ఎవరితోనో మాట్లాడటం మొదలుపెట్టింది. గొంతు పైకీ కిందికీ పాటలా ఊగుతోంది. రత్నకుమారి ఆ ముఖంలోకే చూస్తూ కూర్చుంది. లాన్ కనుబొమలు కలిశాయి. విడిపోయాయి. చివరికి నవ్వింది.

"మామయ్య. ఇప్పుడు బస్సు నడపట్లేదు గానీ లావో కాయ్‌లో బస్టాండు పక్కనే ఉంటాడు. మీ అమ్మాయి సంచి ఏ రంగని అడిగాడు."

"ఎరుపు!"

లాన్ చెప్పింది, విన్నది. "ఈ వారం ఎర్ర సంచులు ఓ వంద వెళ్ళాయట. అన్నీ వాననీళ్ళు కారుతూనే. వానలకి మట్టి జారి రోడ్డు మీద పడిందట. బస్సులు ఆగి, మట్టి తీశాక వెళ్తున్నాయి. ఒక్క బస్సు కూడా పడలేదు, ఎవరికీ ఏమీ కాలేదు. కరెంటు మాత్రం లేదట." కొంచెం ఆగింది. "ఇంకోటి కూడా అన్నాడు. కూతుళ్ళు అలిగితే బస్సు కంటే ఆలస్యంగా వస్తారట."

ఆ సాయంత్రం వెంకటసుబ్బారావు లాప్‌టాప్ ముందు కూర్చుని హనోయిలోని మన ఎంబసీ నంబరు కాగితం మీద రాసుకున్నాడు. "రేపు పొద్దున్న ఎనిమిదిన్నర దాకా చూస్తాను రత్నం. రాకపోతే వీళ్ళకి చేసేస్తాను."

"ఏవండీ."

"ఊఁ."

"శుక్రవారం నేను ఫోను ఎత్తానండీ."

ఆయన తల తిప్పి చూశాడు. అరుస్తాడనుకుంది. ఆయన చేతిలో పెన్ను కింద పెట్టి ముఖం తుడుచుకున్నాడు.

"ఎత్తావా. అయితే అలిగిందే! నీ కూతురు కాదూ. బస్సులో కొండ మీంచి కిందికి దిగుతూ నిన్ను తిట్టుకుంటూ ఉండుంటుంది." కానీ ఆ కాగితం చింపలేదు. మడిచి జేబులో పెట్టుకున్నాడు.

గురువారం పొద్దున్న. ఏడున్నరకే ఆమె మెట్ల మీద, ఆయన వంటింటి గుమ్మంలో. కెటిల్ మరిగి ఆగింది, ఎవరూ టీ పొయ్యలేదు. ఎనిమిదీ పది. ఎనిమిదీ ఇరవై. ఆయన జేబులోంచి కాగితం తీశాడు.

ఫోను మోగింది. ఒక్క రింగు. రత్నకుమారి రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని వాటి మీద కూర్చుంది. ఆగిపోయింది.

"చేరింది," అంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "చేరిందండీ. చూశారా, నేను ఎత్తలేదు."

అప్పుడు మళ్ళీ మోగింది. ఒకటి. రెండు. మూడు. ఆగడం లేదు.

"ఎత్తవే!" అరిచాడు ఆయన.

"ఎత్తకూడదండీ! మాటిచ్చాను."

"అది మిస్డ్ కాల్ కాదే పిచ్చిదానా! ఎత్తమనే మోగిస్తోంది!"

ఏడు. ఎనిమిది. తొమ్మిదో రింగుకి ఎత్తింది. హలో అనలేదు. నోరు తెరిస్తే మళ్ళీ పదకొండు ప్రశ్నలూ దొర్లుకుంటూ వచ్చేస్తాయని పళ్ళు బిగపట్టింది. అవతల కూడా మాట లేదు. దూరంగా ఏదో బస్సు హారన్, ఎవరో ఊరి పేర్లు వరసగా అరుస్తున్న గొంతు, తడి రోడ్డు మీద టైర్ల చప్పుడు. తిట్లు పడతాయని ఆ పిల్ల చూస్తోంది. అలక తీరిందో లేదోనని ఈ తల్లి చూస్తోంది.

తిన్నావా అని అడగాలని నాలుక చివరిదాకా వచ్చింది. ఫ్రిజ్ మీది కాగితం కనిపించింది, పెన్సిల్‌తో రాసిన గేదె, గుర్రం. గొంతు సవరించుకుంది.

"మధూ, బాక్ హా సంతలో మొక్కజొన్న సారా వాసన సందు మొదట్లోనే తగులుతుందటగా. నిజమేనా?"

బస్సు వాడి కేకలు దూరమయ్యాయి. రత్నకుమారి గోళ్ళు లేని వేళ్ళతో ఫోను తీగ చుట్టుకుంటూ, ఎంతసేపైనా వింటానన్నట్టు నిలబడింది.

చివరికి, నవ్వో ఏడుపో తెలియని గొంతుతో, మధులిక జవాబిచ్చింది.

"నిజమేనమ్మా. వాసన చూసి చూసి ఎవరూ కొనరు. అది సరే గానీ, నీకెలా తెలుసు?"