ఊరికేలు

అక్క ఇల్లు మారుతోందని తెలిసి, చెల్లెలు కుట్టుమిషనుకి ఓ రోజు సెలవిచ్చి సాయానికొచ్చింది. అమ్మ దాచుకున్నవన్నీ గాజు అలమరలో అలాగే ఉన్నాయి. వేలెడంత గాజు బాతు, గవ్వల పడవ, తోక విరిగిన పింగాణీ పిల్లి. అమ్మ పోయాక అన్నీ అక్కే తెచ్చేసుకుంది. "నీకేమైనా కావాలా?" అని మాటవరసకైనా అడగలేదని ఆరేళ్లుగా చెల్లెలికి లోపల కినుక.

వాటిని ఇంట్లో 'ఊరికేలు' అనేవాళ్లు. అమ్మ ఏ బజారుకెళ్లినా సంచి అడుగున ఒకటి దాచి తెచ్చేది. నాన్న కళ్లజోడు పైకి నెట్టి, "ఇదెందుకే?" అనేవాడు. "ఊరికే," అనేది అమ్మ. అడిగీ అడిగీ విసుగొచ్చి ఒకనాడు ఆయనే, "మీ అమ్మ ఇంకో ఊరికే తెచ్చిందర్రా," అన్నాడు. ఆ పేరే ఖాయమైపోయింది. లోకం వాటిని షోకేసు బొమ్మలంటుందని చెల్లెలికి బడికెళ్లాకే తెలిసింది.

ఒక్కోదాన్నీ గుడ్డపేలికల్లో చుట్టి, అట్టపెట్టెలో సర్ది, పైన పెద్ద అక్షరాలతో 'ఊరికేలు' అని రాసింది చెల్లెలు. తీరా లారీ కదిలే వేళకి ఆ పెట్టె లేదు.

"ఊరికే అని రాసుంటే ఖాళీదనుకున్నానమ్మా. బరువూ లేదు. సందు చివర చెత్త దగ్గర పెట్టేశా," అన్నాడు సామాను మోసేవాడు.

మోకాళ్లనొప్పులని మెట్లు దిగడానికే బతిమాలించుకునే అక్క, చెప్పులైనా వేసుకోకుండా పరుగెత్తింది. పెట్టె చెత్తకుండీ పక్కన ఒరిగి ఉంది. ఇద్దరూ అక్కడే కూలబడి విప్పారు. బాతు మెడ విరిగింది. మిగతావి క్షేమం.

అక్క కళ్లు తుడుచుకుంది. "నాకు జ్వరమొస్తే కొన్నదిది."

"నీకా? నాకు పన్ను పీకించినప్పుడు కొన్నానంది."

అమ్మ ఇద్దరికీ విడివిడిగా అదే బాతుని అంటగట్టిందని అర్థమయ్యేసరికి చెల్లెలికి నవ్వాగలేదు. అక్క కూడా నవ్వింది.

"అన్నీ నేనే ఎత్తుకుపోయానని కోపం కదూ?"

"ఉంది."

"అడుగుతావేమోనని చూశాను. నా అంతట నాకు ఇవ్వబుద్ధి కాలేదే."

లారీవాడు హారన్ కొట్టాడు. అక్క గవ్వల పడవనీ పిల్లినీ తీసి చెల్లెలి సంచిలో పెట్టింది. బాతుని అతికించి తెస్తానని చెల్లెలే తీసుకుంది.

"ఆదివారం తీసుకురా. కొత్తింట్లో ఎక్కడ పెట్టాలో నువ్వే చెబుదువుగాని," అంది అక్క.