మొక్కజొన్న మేడమ్ సెలవు పుచ్చుకున్న వైనం

పొద్దున్నే ల్యాబ్ తలుపు తీయగానే మొక్కజొన్న మేడమ్ ముందు కిటికీలు తెరిచేది, తర్వాత తెల్లకోటు తొడుక్కునేది, ఆ తర్వాత మెత్తటి గుడ్డతో త్రాసు తుడిచేది. రాత్రి ఎవరు ఎంత శుభ్రంగా తుడిచి వెళ్ళినా సరే, తను మరోసారి తుడిస్తే తప్ప ఆవిడకు తృప్తి ఉండేది కాదు. ఆవిడ అసలు పేరు ఆఫీసు కాగితాల్లో ఉండేదేమో గానీ ఎవరి నోటా వినబడేది కాదు. మొక్కజొన్న పిండిని పులియబెట్టి, అందులోంచి తీసిన ఆమ్లంతో పాలిమర్లు చేస్తుంది కాబట్టి అందరికీ మొక్కజొన్న మేడమే.

పాలిమర్ అంటే ఏమిటని ఎవరైనా అడిగితే పూసల దండ అని చెప్పేది. ఆ పూసల మధ్య మందు ఇరికించి, వెంట్రుకంత సన్నటి పుల్లగా చేసి, సూదితో ఒక్కసారి కంట్లో పెడితే చాలు. ఒంట్లోని నీరు దండను ఒక్కో పూస చొప్పున తెంపుతూ పోతుంది, మందు కొంచెం కొంచెంగా బయటికొస్తుంది. ఆరు నెలలకు మందూ అయిపోవాలి, పుల్లా కరిగి నీరూ ఊపిరీ అయి వెళ్ళిపోవాలి. ఇదీ ఆవిడ పట్టుకున్న పని.

ఘాటు ద్రావకాలు వాడి ఉంటే పుల్ల చేయడం ఎప్పుడో చేతికొచ్చేది. "ఒకరి కన్ను బాగుచేయడానికి ఇంకొకరి చెరువు పాడు చేయమంటారా?" అని ఆవిడ మొండికేసింది. నీళ్ళతో, వేడితో, ఓపికతో చేస్తానంది. మీటింగుల్లో నవ్వారు. ఆ నవ్విన వాళ్ళలో సగం మంది తర్వాత్తర్వాత పాఠం నేర్చుకోవడానికి ఆవిడ బల్ల దగ్గరికే వచ్చారు. ఇరవయ్యేళ్ళు అలా గడిచాయి, జుట్టు నెరిసింది, పుల్ల కుదిరింది. అంత పట్టుదల ఉన్న మనిషి ఎక్కడో గానీ ఉండదు.

కుదిరింది గానీ ఒక్క చిక్కు మిగిలింది. గోరువెచ్చటి ఉప్పునీళ్ళలో వేస్తే పుల్ల చక్కగా కరిగిపోయేది. మర్నాడు పొద్దున చూస్తే గ్లాసు అడుగున మళ్ళీ నిక్షేపంగా ఉండేది, దుప్పటి తన్నేసి పడుకున్న పిల్లాడిలా.

"కరగడానికేం, బాగానే కరుగుతోంది మేడమ్," అన్నాడు డైరెక్టరు. "కానీ తిరిగొస్తే ఎలా? కంట్లో పాతవన్నీ పేరుకుపోవూ? ఈ ఏడాది చివరిదాకా చూద్దాం. ఆ తర్వాత మూసేయక తప్పదు."

ఆ మందు కోసం ఎదురుచూస్తున్న వాళ్ళలో ఆవిడ తమ్ముడొకడు.

తమ్ముడు బోర్డులు రాసే పెయింటరు. ఒక కన్ను అప్పటికే మసకబారిపోయింది. రెండోది నిలవాలంటే నెలనెలా కంట్లో సూది పొడిపించుకోవాలి. మెలకువగా ఉండి, ఎదురుగా వస్తున్న సూదిని చూస్తూ. మొదట్లో ధైర్యంగానే వెళ్ళాడు. తర్వాత పని ఉందని ఒకసారి, జలుబు చేసిందని ఒకసారి ఎగ్గొట్టాడు. అతను రాసిన బోర్డుల్లో అక్షరాలు పక్కకు ఒరగడం మొదలుపెట్టాయి.

"నావల్ల కాదక్కా," అన్నాడు ఒక సాయంత్రం, ల్యాబుకొచ్చి స్టూలు మీద కూలబడి. "కన్ను పోతే పోనీ. ఆ సూది మాత్రం ఇంకోసారి చూడలేను."

"కాస్త ఓపిక పట్టరా. పుల్ల ఒక్కటి మాట వింటే ఆరు నెలలకోసారి చాలు."

ఆవిడ దీపాలు ఆర్పి, గ్లాసు వైపు తిరిగి, ఎప్పటిలాగే "వెళ్ళొస్తా" అంది. త్రాసుతోనూ అంది, పొయ్యితోనూ అంది.

తమ్ముడు అంత దిగులులోనూ పకపకా నవ్వాడు. "దానికి కూడా చెబుతున్నావా? ఇంకెక్కడికి పోతుంది చెప్పు!"

ఆవిడ తలుపు దగ్గర అలాగే నిలబడిపోయింది.

అక్క ఏదైనా వస్తువుతో "వెళ్ళొస్తా" అంటే అది ఎక్కడికి పోయినా తిరిగి ఆమె కంట పడుతుందని చిన్నప్పుడు వీధి వీధంతటికీ తెలుసు. మురిక్కాలవలో కొట్టుకుపోయిన బంతి తెల్లారేసరికి గుమ్మంలో తడిసి కూర్చుంది. ఎవరైనా పక్కింటికి గిన్నె అరువివ్వాలంటే ముందు ఈ పిల్లను పిలిచి గిన్నెతో ఆ మాట చెప్పించేవాళ్ళు. గొడుగుల విషయంలో ఆ వీధికి బెంగే ఉండేది కాదు. అది ఎవరికీ వింతగా తోచలేదు. ఆవిడకైతే తమ్ముడు నవ్వేదాకా అసలు గుర్తే లేదు. ఇల్లు వదిలేటప్పుడు "వెళ్తున్నా" అనకూడదు, "వెళ్ళొస్తా" అనాలి అని అమ్మ నేర్పిన మర్యాద నోటికి అతుక్కుపోయింది, అంతే.

మర్నాటి నుంచి ఆవిడ నోరు మూసుకుని ఇంటికి వెళ్ళడం మొదలుపెట్టింది. లాభం లేకపోయింది. పదేళ్ళుగా ఆవిడ దగ్గర పనిచేస్తున్న పొడుగాటి పరిశోధకురాలు ఒకామె ఉంది, ద్రావణాలు కొలిచే సన్నటి గాజుగొట్టం పేరుతో ఆమెను అందరూ పిప్పెట్టు అంటారు. ఆమె వేరే గదిలో, కొత్త గ్లాసులో, తన చేత్తో చేసి చూసింది. అయినా పుల్ల తిరిగొచ్చింది.

"మీరు రోజూ చెప్పి వెళ్ళారు కదా మేడమ్," అంది పిప్పెట్టు. "మీరొస్తారని చూస్తోంది. ఇక రానని చెబితే గానీ పోదు."

"రానని చెబితే ఆ మాట నన్నూ కట్టేస్తుంది. నేను నిజంగానే రాలేను."

"అవును మేడమ్," అంది పిప్పెట్టు తల దించుకుని.

డైరెక్టరుకు చెబితే ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "మిగిలిన సెలవులేమైనా ఉంటే ముందే వాడేసుకోండి," అన్నాడు. తర్వాత కళ్ళజోడు పెట్టుకుని, "మీరు లేని ల్యాబ్ ఎలా ఉంటుందో నాకు ఊహకే అందడం లేదు," అన్నాడు.

సంగతి తెలిసి తమ్ముడు గోల పెట్టాడు. "నా కన్ను కోసం ఇరవయ్యేళ్ళ బతుకు వదులుకుంటావా? నాకొద్దు. సూదికి వెళ్తాను, నెలనెలా వెళ్తాను, ఒట్టు."

"వెళ్ళు. ఇది ఆస్పత్రికి చేరేదాకా నువ్వు వెళ్ళాల్సిందే," అంది అక్క. "కానీ నీ ఒక్కడి కన్నే అనుకుంటున్నావా? అక్కడ సూది కోసం నీ వెనక వరసలో కూర్చున్న వాళ్ళను నువ్వు చూడలేదు. నేను చూశాను."

ఆ శుక్రవారం సాయంత్రం ఆవిడ త్రాసు మరోసారి తుడిచింది. తెల్లకోటు మడతపెట్టి పిప్పెట్టు చేతికిచ్చింది. గ్లాసు ముందు నిలబడి, అమ్మ అనకూడదన్న మాట కోసం నోరు తెరిచింది. పుట్టి బుద్ధెరిగిన తర్వాత ఆ మాట ఆవిడ ఎన్నడూ అనలేదు.

"వెళ్తున్నా," అంది చివరికి. "ఇక రాను."

మర్నాడు పొద్దున పిప్పెట్టు ఫోన్ చేసింది. "లేదు మేడమ్. నీళ్ళే ఉన్నాయి." ఆవిడ ఫోన్ పెట్టేసి, కడుపు నిండా ఆనందంతో, కళ్ళ నిండా నీళ్ళతో వంటింట్లో చాలాసేపు కూర్చుంది.

తర్వాత ఒకసారి ఉండబట్టలేక ఆ దారిన నడిచింది. గేటు కనబడేదాకా బాగానే తీసుకెళ్ళిన రోడ్డు, మర్యాదగా మలుపు తిప్పి ఆవిడను బస్టాపులో దింపేసింది. మళ్ళీ ప్రయత్నించలేదు. సందేహాలొచ్చినప్పుడల్లా పిప్పెట్టే బస్టాపు ఎదురు టీకొట్టుకు కాగితాలు తెచ్చుకునేది. ఆవిడ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పడానికి చేరింది. క్లాసయ్యాక పిల్లలందరితో నిండు మనసుతో "వెళ్ళొస్తా" అనేది. ఆ క్లాసు ఎగ్గొట్టడం ఎవరి తరమూ కాలేదు.

పరీక్షలన్నీ దాటి పుల్ల ఆస్పత్రికి చేరేసరికి రెండేళ్ళు పట్టింది. ఆ రెండేళ్ళూ తమ్ముడు వణుకుతూనే నెలనెలా వెళ్ళాడు, ఒక్కటీ ఎగ్గొట్టలేదు. మంచి కన్ను నిలిచింది. ఆ కంట్లోనే పుల్ల పెట్టారు.

ఆరు నెలల తర్వాత కొత్తగా వచ్చిన కంటి డాక్టరు అతని గడ్డాన్ని యంత్రం మీద ఆనించి చాలాసేపు చూసింది. కాగితం తిరగేసి మళ్ళీ చూసింది.

"ఇందులో ఏదో పెట్టారని రాసుంది. నాకేమీ కనబడటం లేదే. కన్ను శుభ్రంగా ఉంది. నిజంగా పెట్టారా?"

"పెట్టారండీ. మా అక్క చేసిందే."

"మరి ఏదీ?"

"అదేనండీ," అన్నాడు తమ్ముడు, ఛాతీ పొంగించి. "మీకు కనబడకుండా పోవడానికే మా అక్క ఇరవయ్యేళ్ళు కష్టపడింది."

ఆ మాట తలుపు సందులోంచి వరండాలో కూర్చున్న అక్క చెవిన పడింది. ఆవిడ గబగబా లేచి, ఎవరూ చూడకుండా వరండా ఆ చివరికి వెళ్ళి కిటికీ పక్కన నిలబడింది. తమ్ముడు బయటికొచ్చి అటూ ఇటూ చూశాడు. మనుషులు, కుర్చీలు, బల్లలు, వాటన్నిటికీ అవతల అక్క.

"ఏడుస్తున్నావెందుకక్కా?" అని అక్కడి నుంచే కేకేశాడు.